అడుగు మందం పాత్ర

ఆ వీధిలో ఆ అమ్మాయిని అందరూ డాక్టరమ్మ అంటారు. డాక్టరేటు ఇంకా రాలేదు. వస్తుందని మేనత్త ముందుగానే చాటింపు వేసేసింది, అంతే. అలా చాటి చాలా ఏళ్లయింది. ఈలోగా పక్కింటాయన వచ్చి మోకాలు చూపించాడు. ఎదురింటావిడ అడక్కుండానే నాలుక చాపింది.

"నేను ఆ డాక్టర్ని కాదండీ బాబూ! సినిమాలూ టీవీలూ చదివే డాక్టర్ని" అని మొత్తుకుంటే, "అయితే మరీ మంచిది. మా టీవీ మధ్యాహ్నం పూట గురకపెడుతోంది, ఒకసారి వచ్చి చూడమ్మా" అన్నారు. వెళ్లి చూసింది. వెనకాల వైరు వదులైంది. నొక్కితే గురక ఆగింది. ఆ రోజుతో పేరు ఖాయమైపోయింది.

చదువు ఇంతకాలం సాగడానికి ఆమె బద్ధకం కారణం కాదు. కారణం గైడు. ఆయన్ని కాలేజీలో ట్రెండు మాస్టారు అంటారు. సినిమా, టీవీల మీద ఎక్కడ సదస్సు జరిగినా ఆయన సంచీ సర్దేవాడు. వానలో తిరిగినవాడు జలుబుతో ఇల్లు చేరినట్టు, సదస్సుకు వెళ్లినవాడు కొత్త ట్రెండుతో తిరిగొచ్చేవాడు. వచ్చీరాగానే ఆ జలుబు డాక్టరమ్మకు అంటించేవాడు.

మొదట్లో ఆమె పరిశోధన, సీరియళ్లలో కెమెరా ఎవరి వంక చూస్తుంది అన్నదాని మీద. మొదటి అధ్యాయం సగంలో ఉండగా మాస్టారు దిగాడు. "చూపు పాతబడిందమ్మా. ఇప్పుడంతా శబ్దం."

సరే అని శబ్దం పట్టుకుంది. కోడలు తల తిప్పినప్పుడల్లా వచ్చే ఉరుములు విని విని, ఇంట్లో ఎవరు తలుపు తీసినా ఆమెకు చెవిలో ఢాంఢామనేది. ఆ ఢాంఢాం అలవాటయ్యేసరికి మాస్టారు ఇంకో సదస్సు నుంచి దిగాడు. "శబ్దం అయిపోయిందమ్మా. ఇప్పుడంతా పర్యావరణం." సీరియల్ ఇళ్లలో ఉండే ప్లాస్టిక్ మొక్కలు లెక్కపెట్టింది. ఆ మొక్కలు వాడకముందే ట్రెండు వాడిపోయింది.

"ఇప్పుడంతా డేటా" అన్నాడు మాస్టారు చివరికి.

అప్పటికి కాలేజీ ఆఫీసువాళ్లకు ఓపిక నశించింది. గడువు పెంచడం ఇంక కుదరదన్నారు. డాక్టరమ్మ పేరు మీద రిజిస్టరైన శీర్షిక 'టీవీ సీరియళ్లలో పాత్రల పరిణామం.' ఈసారి జరిగే సెమినార్లో దాన్ని ఒప్పించాలి. ఒప్పిస్తే ఒక్క ఏడాది ఇస్తారు, లేకపోతే పేరు కొట్టేస్తారు. పైగా శీర్షికలో ఒక్క అక్షరం మారినా కొత్త రిజిస్ట్రేషన్ కిందే లెక్క, ఆమెకు ఆ అవకాశం కూడా అయిపోయింది.

"పోతే పోనీవే" అంది మేనత్త. "ఆ సీటు పోతే గల్లాపెట్టె దగ్గర సీటు ఉండనే ఉంది. నీకోసమే మెత్తటి దిండు కూడా వేయించాను."

బెదిరించడానికి అన్న మాట కాదది. ప్రేమతో అన్న మాట. అందుకే డాక్టరమ్మకు రెట్టింపు భయం వేసింది. చిన్నప్పటి నుంచీ పెంచిన మనిషి ప్రేమగా వేయించిన దిండు మీద ఒకసారి కూర్చుంటే ఇక లేవడం ఉండదు.

మేనత్తది గిన్నెల కొట్టు. బజారు మలుపులో ఉంటుంది. నేల నుంచి కప్పు దాకా బిందెలు, మూకుళ్లు, కుక్కర్లు, డబ్బాలు. లోపలికి అడుగు పెడితే మన మొహం వంద చోట్ల వంద వంకర్లలో కనిపిస్తుంది. కొట్టు నెత్తిన 'అన్ని రకాల స్టీలు, ఇత్తడి పాత్రలు లభించును' అని బోర్డు ఉంది. ఆ బోర్డును డాక్టరమ్మ పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. అందుకే ఎన్నడూ చదవలేదు.

డేటా అంటే జనం మాట్లాడిన మాటలు కావాలి. మొదట ఆమె తమ వీధిలోనే మొదలుపెట్టింది. ఒకే ఇంట్లో ఉండే తోడికోడళ్లు ఇద్దర్ని కూర్చోబెట్టి, "మీకు అస్సలు నచ్చని క్యారెక్టర్ ఎవరిది?" అని అడిగింది. సీరియల్లో అన్నమాట. ఆ ముక్క చెప్పడం మరిచిపోయింది.

పెద్దావిడ చిన్నావిడ వంక చూసింది. చిన్నావిడ పెద్దావిడ వంక చూసింది.

"అంటే? నా క్యారెక్టర్ గురించి వీధిలో విచారణ పెట్టించావా?"

"పెట్టించాల్సిన పనేముంది? అందరికీ తెలిసిందేగా!"

డాక్టరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడింది. ఆ ఇంట్లో పొయ్యిలు వేరయ్యాయని తర్వాత తెలిసింది.

సంగతి విని మాస్టారు నొచ్చుకున్నాడు. "క్యారెక్టర్ అని ఎందుకమ్మా? చక్కగా పాత్ర అనొచ్చుగా. మన శీర్షికలో కూడా అదే మాట. పాత్ర అంటే ఎవరూ కొట్టుకోరు."

ఇక ఎవరింటికీ వెళ్లే ధైర్యం ఆమెకు లేకపోయింది. అప్పుడు మేనత్త అంది, "నా కొట్టుకొచ్చినంత మంది ఆడవాళ్లు నీకెక్కడ దొరుకుతారే? ఏమడగాలో చెప్పు. ఆ మాటలు పట్టే ఫోను నా దగ్గర పెట్టు."

"మూడే ప్రశ్నలు అత్తా. మీకు బాగా నచ్చిన పాత్ర ఏది, ఎందుకు? అస్సలు నచ్చని పాత్ర ఏది? ఎలాంటి పాత్ర వస్తే బాగుండును? అంతే."

మేనత్త ఆ ప్రశ్నలు మనసులో ఒకసారి అనుకుంది. కళ్లు చెమర్చాయి.

"ఇన్నాళ్లకి దారిలో పడ్డావే నా తల్లీ" అంది.

అత్తకు తన పరిశోధన మీద ఇంత అభిమానం ఉందా అని డాక్టరమ్మకు కూడా కళ్లు చెమర్చాయి. ఇద్దరూ కాసేపు హాయిగా ఏడ్చారు, ఎవరి కారణానికి వాళ్లు.

రికార్డింగులు కుప్పలు పడ్డాయి. విందామని డాక్టరమ్మ చెవికి ఫోను పెట్టబోతే మాస్టారు లాగేసుకున్నాడు.

"చెవి పెట్టకు! మనిషి చెవికి పక్షపాతం ఉంటుంది. డేటాకి చెవులక్కర్లేదమ్మా. సాఫ్ట్‌వేర్ వింటుంది. మాటల్ని విడగొట్టి, ఏది ఎక్కువసార్లు వచ్చిందో అదే చెబుతుంది. ఇప్పుడు ప్రపంచమంతా ఇదే ట్రెండు."

సాఫ్ట్‌వేర్ వింది. వినేసి తెర నిండా మాటల మబ్బు ఒకటి పరిచింది. ఎక్కువసార్లు వచ్చిన మాట లావుగా, తక్కువసార్లు వచ్చింది సన్నగా. మధ్యలో దున్నపోతులా 'అడుగు' అనే మాట. దాన్ని ఆనుకుని 'మందం.' చుట్టూ 'మూత', 'బరువు', 'చొట్ట', 'మాడింది', 'చెవులు.' ఓ మూల పెద్దగా 'ఈలలు.'

డాక్టరమ్మ తల గోక్కుంది. "సార్, చెవులేంటి సార్?"

"వినికిడి! శబ్దం మీద నువ్వు పడ్డ శ్రమ వృథా పోలేదు" అన్నాడు మాస్టారు. ఆయన కళ్లు వెలిగిపోతున్నాయి. "అడుగు మందం అంటే? లోతు! పైపై పాత్రలు జనానికి వద్దు, పునాది గట్టిగా ఉండాలి. చొట్ట అంటే లోపం. లోపాలున్న కథానాయకుడు. మూత అంటే రహస్యం, ఆడవాళ్లు లోపల అణచుకున్న బాధ. ఇక ఈలలు చూశావా, ఈలలు! హాల్లో నేల టికెట్టువాళ్లు వేసే ఈల టీవీతో పాటు నట్టింట్లోకి వచ్చేసిందమ్మా! ఇది ఎవరూ కనిపెట్టలేదు!"

"ఈలల పక్కనే 'మూడు' అని ఉంది సార్. దాని కింద 'దించేయాలి' అని ఉంది."

"జనం మూడుసార్లు హెచ్చరిస్తారు. వినకపోతే పాత్రను గద్దె దించేస్తారు. ప్రజాస్వామ్యం!"

సెమినార్ రోజు వచ్చింది. ముందు వరసలో తోటి పరిశోధకులు కూర్చున్నారు. ప్రొజెక్టర్ ఎప్పట్లాగే అందరి మొహాలకూ నీలం రంగు పూస్తోంది. వెనక వరసలో మేనత్త, ఒళ్లో గుడ్డసంచీ. మేనకోడలి వైభవం చూద్దామని కొట్టు కట్టేసి మరీ వచ్చింది.

బయటి నుంచి వచ్చిన నిపుణురాలిని అందరూ పాజ్ మేడం అంటారు. సినిమా పాఠం చెప్పేటప్పుడు ఆవిడ రిమోటు కింద పెట్టదు. హీరో గుర్రం ఎక్కబోతుంటే ఆపుతుంది. ఆపి, గుర్రం వెనక నిలబడ్డ మనిషి చెప్పు ఎందుకు తెగిందో అడుగుతుంది. ఆవిడ క్లాసులో ఏ సినిమా ముగింపూ ఎవరూ చూడలేదు.

డాక్టరమ్మ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. అడుగు మందం సిద్ధాంతం చెప్పింది. చొట్ట సిద్ధాంతం చెప్పింది. ఈలల దగ్గరికొచ్చేసరికి మాస్టారు ఆగలేక తనూ లేచి నిలబడి తలాడించాడు. తోటివాళ్లు రాసుకుంటున్నారు. అంతా సాఫీగా సాగిపోతోంది.

"ఆపు" అంది పాజ్ మేడం.

ముందు వరసలో పెన్నులు ఆగిపోయాయి.

"ఈ మూడు ఈలలు వేసినావిడ గొంతు నేను వినాలి. ఒక్కటి వినిపించు."

మాస్టారు కంగారుపడ్డాడు. "మేడం, విడివిడిగా వినకూడదండీ. డేటాని రాశిగా..."

"నేను రాశులు వినను. మనుషుల్ని వింటాను. పెట్టమ్మా."

డాక్టరమ్మ నొక్కింది. స్పీకర్లోంచి ముందు గిన్నెలు సర్దుతున్న చప్పుడు, ఆ వెనకే మేనత్త గొంతు.

"రండమ్మా రండి. కొనేది తర్వాత, ముందిందులో ఒక మాట చెప్పండి. మా మేనకోడలు పరిశోధన చేస్తోంది. మీకు బాగా నచ్చిన పాత్ర ఏది?"

"ఏదంటే... మా కుక్కరేనండీ. మూడు ఈలలు వేశాక దించేస్తే అన్నం మల్లెపువ్వే. మా ఆయన మాట తప్పుతాడు గానీ అది తప్పదు."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వి, నవ్వును దగ్గులోకి మళ్లించారు.  డాక్టరమ్మ తడబడుతూ ఇంకొకటి నొక్కింది.

"నచ్చనిదా? మా చిన్న గిన్నెండీ. మూత పట్టదు, చెవులు ఊగుతాయి, ఊరికే పొంగుతుంది."

"అయితే ఇదిగో, ఈ అడుగు మందంది తీసుకోండి. అడుగు మందంగా ఉంటే నాకు నచ్చుతుంది అని ఫోన్లోకి గట్టిగా చెప్పండి."

"అడుగు మందంగా ఉంటే నాకు నచ్చుతుంది."

"ఇంకోసారి."

ఆ తర్వాత దగ్గులు పనిచేయలేదు. ముందు వరస మొత్తం పగలబడి నవ్వింది. ట్రెండు మాస్టారు మొహం మాత్రం స్టవ్ మీద మరిచిపోయిన పాలగిన్నెలా ఉంది. అయినా ఆయన అంత తేలిగ్గా లొంగే మనిషా?

"మేడం! ఇది కావాలనే చేశాం. కావాలనే! ప్రపంచమంతా మనుషుల్ని వదిలేసి వస్తువుల వైపు తిరుగుతోంది. వస్తువు కూడా నటిస్తుంది అన్నది సరికొత్త ట్రెండు. అవునా అమ్మా?" అని డాక్టరమ్మ వంక చూసి కనుబొమలు పైకీ కిందికీ ఆడించాడు. అవునను, అవునను అని ఆ కనుబొమలు బతిమాలుతున్నాయి.

పాజ్ మేడం ఆమె వైపు తిరిగింది. "చెప్పమ్మా. పాత్ర అంటే నీ ఉద్దేశం ఏమిటి?"

అవునంటే ఏడాది. కాదంటే దిండు.  అవును అనే మాట డాక్టరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇంకో ఏడాదంతా కుక్కరు ఈలల్లోంచి ప్రజాస్వామ్యం పిండాలని తల్చుకునేసరికి ఆ మాట వెనక్కి జారిపోయింది.

"నా ఉద్దేశం సీరియల్లో వేషం మేడం. వాళ్లకు అర్థమైంది గిన్నె. గిన్నెల కొట్లో అడిగించాను, నేను ఒక్కటీ వినలేదు. పప్పులో కాలేశాను మేడం. గిన్నెతో సహా."

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. అయితే అందరికన్నా ఎక్కువ దెబ్బ తగిలింది వెనక వరసలో.

"ఏమే!" అంటూ లేచింది మేనత్త. "అయితే నువ్వు చదివేది మన గిన్నెల గురించి కాదా?"

"కాదత్తా."

"ఇన్నాళ్లూ మన గిన్నెల గురించి కాదూ? వీధి వీధంతా చెప్పుకున్నానే! మా పిల్ల మన వ్యాపారం మీదే డాక్టరవుతోందని హోల్‌సేలు షాపువాడికి కూడా చెప్పానే! వాడు నాకు కుర్చీ వేశాడే!"

ఆ ఊపులో ఒళ్లోంచి సంచీ జారింది. లోపలున్నది నిపుణురాలికి కానుకగా తెచ్చిన సరికొత్త గిన్నె. అది నేల మీద పడి ఢంగుమని మోగి, మూత విడిపోయి, ఆ మూత మెట్లన్నీ దిగుతూ దొర్లుకుంటూ వేదిక ముందుకొచ్చి, గింగిరాలు తిరిగి తిరిగి పాజ్ మేడం కాళ్ల దగ్గర పడుకుంది. అది పడుకునేదాకా హాల్లో ఒక్కరూ కళ్లార్పలేదు.

పాజ్ మేడం ఆ మూత వంక చాలాసేపు చూసింది. అదీ ఒక పాజే.

"ఇంకో రికార్డింగు పెట్టు" అంది.

"మేడం, అన్నీ గిన్నెలే..."

"తెలుసమ్మా. పెట్టు."

ఈసారి వచ్చింది హుషారైన గొంతు. "ఎలాంటి పాత్ర కావాలంటే... సాయంత్రం సీరియల్లో పెద్దకోడలు పాలల్లో విషం కలిపిందే, అచ్చం అలాంటిది ఉందాండీ?"

"విషం కలిపిందా! ఎప్పుడు?" ఇది మేనత్త.

"అయ్యో, చూడలేదా? తళతళలాడిపోతోందండీ గిన్నె. అంత విషం కలిపినా ఒక్క మరక లేదు."

"నేను నిన్న గిరాకీలో పడి చూడలేదమ్మా. అయితే ఆ పాలు పొంగాయా?"

"పొంగకుండా ఉంటాయా? ఆ ఇంట్లో పాలు పొంగాయంటే, పోయాడనుకున్నవాడు గుమ్మంలోకి వచ్చినట్టేగా."

"గ్లాసు కిందపడితే పెళ్లి ఆగినట్టు."

"ఆ, అదీ నిజమే! హీరోయిన్ ఊరికే కళ్లు పెద్దవి చేసుకుని నిలబడుతుందండీ. పాపం పనంతా ఆ గ్లాసుదే."

రికార్డింగు ఆగింది. పాజ్ మేడం వంగి మూత చేతిలోకి తీసుకుంది.

"ఇందాక ఇది పడినప్పుడు అందరూ ఏం చేశారు? సెమినార్ వదిలేసి దీన్నే చూశారు. నేను ఇన్నేళ్లుగా సినిమాలు ఆపి ఆపి చూపిస్తున్నాను. చెప్పు ఆపాను, గొడుగు ఆపాను. పొంగే పాలగిన్నె దగ్గర ఒక్కసారి కూడా ఆపలేదు. సీరియల్లో గిన్నెలు ఎప్పుడు పొంగుతాయి, ఎప్పుడు పడతాయి, ఎన్ని విషాలు కలిపినా ఎందుకు మాడవు, వాటిని చూసి జనం కొట్టుకెళ్లి ఏం అడుగుతారు... ఈ పని నేను ఎక్కడా చూడలేదు. ఎందుకు చేయకూడదు?"

ఆఫీసు తరఫున వచ్చినాయన మూల నుంచి చెయ్యెత్తాడు. "చేయొచ్చండీ. కానీ శీర్షిక మార్చడానికి మాత్రం వీల్లేదు. అక్షరం మారినా పేరు కొట్టేస్తాం."

"చదవండి ఆ శీర్షిక" అంది పాజ్ మేడం.

ఆయన కళ్లజోడు సర్దుకుని గట్టిగా చదివాడు. "టీవీ సీరియళ్లలో పాత్రల పరిణామం."

చదివాక ఆయనకే అర్థమై, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ చదివాడు. మార్చాల్సిన అక్షరం ఎంత వెతికినా దొరకలేదు.

"ఏడాది ఇవ్వండి" అంది పాజ్ మేడం. తర్వాత డాక్టరమ్మకు వేలు చూపించింది. "ప్రతి రికార్డింగూ నీ చెవులతో నువ్వు వినాలి. సాఫ్ట్‌వేర్ చెవులతో కాదు. మీ అత్తగారు బలవంతంగా చెప్పించినవన్నీ తీసేయాలి. ఆ మబ్బులో లావుగా ఉన్న మందమంతా ఆవిడ అమ్మకమే."

మేనత్త ఇంకా నిలబడే ఉంది. "అయితే... మన గిన్నెల గురించేనన్నమాట?"

"మన గిన్నెల గురించే అత్తా" అంది డాక్టరమ్మ. నవ్వో ఏడుపో తేలకుండా ఉంది గొంతు.

"మరి ఇందాక కాదన్నావుగా?"

"ఇందాక కాదు. ఇప్పుడు అవును."

"చదువుకున్నవాళ్లతో ఇదే వచ్చిన చిక్కు" అని పక్కనున్న కుర్రపరిశోధకురాలితో చెప్పి, మేనత్త గిన్నెతో మెట్లు దిగి వెళ్లి, పాజ్ మేడం చేతిలోని మూత తీసుకుని గిన్నెకు పెట్టి, ఆవిడకే ఇచ్చింది. "చిన్న చొట్ట పడిందండీ. ఏమనుకోకండి."

"ఉంచండి" అంది పాజ్ మేడం. "మీ మేనకోడలు చొట్ట మీద కూడా ఒక సిద్ధాంతం చెప్పిందిగా."

ఆ ఏడాది డాక్టరమ్మ గల్లాపెట్టె పక్కనే, దిండు పక్కకు నెట్టి, మామూలు స్టూలు వేసుకుని కూర్చుంది. చెవుల్లో రికార్డింగులు, ఎదురుగా అరల మధ్య పెట్టిన చిన్న టీవీలో సీరియల్. పాలు పొంగినప్పుడల్లా ఆపేది. ఆపినప్పుడల్లా గిరాకీకొచ్చినవాళ్లు "అబ్బ, పెట్టమ్మా!" అని గోల చేసేవారు. ఆ గోల కూడా రికార్డు చేసుకునేది.

ట్రెండు మాస్టారు ఊరుకోలేదు. తమ డిపార్ట్‌మెంటు కనిపెట్టిన గిన్నెల సిద్ధాంతాన్ని సంచీలో పెట్టుకుని సదస్సులన్నీ తిరిగాడు. ఒకరోజు బస్సు దిగి, తిన్నగా కొట్లోకే వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. ఆ వంద గిన్నెల్లో వందమంది మాస్టార్లు వంద వంకర్లలో ఆయాసపడుతున్నారు.

డాక్టరమ్మ ఆఖరి అధ్యాయంలో ఉంది. ఆయన మొహం చూడగానే ఆమెకు విషయం తెలిసిపోయింది. చెవుల్లోవి తీసింది.

"గిన్నెలు పాతబడ్డాయమ్మా" అన్నాడు మాస్టారు. "ఇప్పుడంతా గరిటెలు."

డాక్టరమ్మ నోరు తెరిచేలోపే లోపలి అరల దగ్గరి నుంచి మేనత్త గొంతు వినిపించింది.

"గరిటెలు ఈ పక్కన ఉన్నాయి సార్, రండి. కాడ పొడుగుదా, పొట్టిదా? ముందు ఫోన్లోకి చెప్పండి."